బిస్కట్ల డబ్బాలో 63 బ్యాడ్జీలు: ఎలా దాచాలి, పక్కన ఏం రాయాలి?

సంపంగి (బరంపురం)
శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మా వీధి చివర ఉన్న తెలుగు గ్రంథాలయంలో వెనక గదిని పాత వస్తువుల కోసం కేటాయించారు. రెండు బీరువాలు, ఒక అద్దాల బల్ల ఉన్నాయి. ఇప్పటిదాకా తాటాకు పుస్తకాలు, పట్టునేత నాడెలు, పాత శుభలేఖలు చేరాయి. మ్యూజియం అనడానికి ఇంకా నోరు రాదు గానీ మా ఉద్దేశం మాత్రం అదే.

పోయినవారం ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ రేకు బిస్కట్ల డబ్బా ఒకటి ఇచ్చి వెళ్ళింది. తెరిస్తే నిండా బ్యాడ్జీలు. వెనక పిన్ను ఉండి చొక్కాకి గుచ్చుకునే గుండ్రటి బిళ్ళలే ఎక్కువ. లెక్కపెడితే 63. కాడెద్దుల బొమ్మవి తొమ్మిది, నక్షత్రం ఉన్నవి నాలుగు, ఆవూదూడవి ఏడు. ఇంగ్లీషు అక్షరాలవి కొన్ని, ఒడియావి కొన్ని, తెలుగువి మూడే మూడు. శాంతి గుర్తు ఉన్నవి రెండు. ఎర్రరంగు మీద మావో ముఖం ఉన్నది ఒకటి. మిగతావి ఏవో సంఘాల మహాసభలవి.

అడుగున ఒక కాయితం పొట్లంలో ఆరు నల్లగుడ్డ ముక్కలు, తుప్పు పట్టిన పిన్నీసులతో సహా ఉన్నాయి. మా కమిటీలో ఒక పెద్దాయన వాటిని చూసి "ఇవి పారెయ్యమ్మా, బిళ్ళలు చాలు" అన్నారు. నాకు మనసొప్పలేదు. అయితే ఎందుకు ఉంచాలో చెప్పలేకపోయాను.

మూడు సంగతులు తెలియాలి. తుప్పును ఏం చెయ్యాలి? ఇవి ఏ కాలానివో ఎలా పోల్చాలి? పక్కన చీటీ మీద ఏం రాయాలి?

పాతనాణెం (ఇచ్ఛాపురం)
శనివారం, రాత్రి 10:02

సంపంగి గారూ, మంచి పెట్టె దొరికింది మీకు. నేను నలభై ఏళ్ళుగా నాణేలు పోగు చేస్తున్నాను, బ్యాడ్జీలు కూడా కొన్ని ఉన్నాయి.

ముందు రెండు కుప్పలు చెయ్యండి. మొదటి రకంలో రేకు బిళ్ళ మీద అచ్చు కాయితం, దాని మీద పల్చటి పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ మూడింటినీ వెనక నుంచి ఒక రింగు నొక్కి పట్టుకుంటుంది. పిన్ను ఆ రింగులోకి దిగి ఉంటుంది. రెండో రకంలో కాయితం ఉండదు, రంగు నేరుగా రేకు మీదే అచ్చవుతుంది. దాని మీద గీత పడితే కింద రేకు మెరుస్తుంది. మొదటి రకానికి అమెరికాలో న్యూవార్క్ ఊరి వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో పేటెంటు తీసుకుంది. ఆ ఏడే మెకిన్లీకీ బ్రయన్‌కీ మధ్య అధ్యక్ష ఎన్నిక జరిగింది. చొక్కా బిళ్ళ జనంలోకి వెల్లువలా వచ్చింది అప్పుడే. రేకు మీద నేరుగా అచ్చేసే రకం ఆ తరవాత ఓ ఇరవై ఏళ్ళకి, ఇంకా చవగ్గా వచ్చింది.

అయస్కాంతం పెట్టి చూడండి. ఇనుప రేకైతే అంటుకుంటుంది. మావో బిళ్ళ అంటుకోకపోతే అల్యూమినియం అన్నమాట. చైనాలో 1966 తరవాత ఇవి కోట్ల కొద్దీ తయారయ్యాయి. లోహం అంతా వీటికే పోతుంటే 1969లో తగ్గించమని పార్టీయే చెప్పాల్సి వచ్చింది.

ఇత్తడివి ఏమన్నా ఉంటే చింతపండుతో తోమండి, బంగారంలా వస్తాయి. నల్లగుడ్డల సంగతిలో మీ పెద్దాయన మాటే నాకూ సబబుగా ఉంది. వాటికి అచ్చు లేదు, తేదీ లేదు. ఏ గుడ్డ ముక్కయినా ఒకటే కదా.

జాజిపూలు (జయపురం)
శనివారం, రాత్రి 10:40

దయచేసి చింతపండు వద్దు! పాతనాణెం గారూ, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి. పాత వస్తువుల సంరక్షణ చదువుకుంటున్నాను, ఈ మాట చెప్పకుండా ఉండలేను. పులుపు తగిలితే పైనున్న పాత మెరుగు, గీతలు, చేతులు తగిలి అరిగిన గుర్తులు అన్నీ పోతాయి. తిరిగి రావు.

సంపంగక్కా, నీళ్ళు అసలే తగలనివ్వకండి. పొర అంచు దగ్గర ఒక చుక్క చాలు, లోపలికి పీల్చుకుంటుంది. కింద కాయితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. ఎండు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. లేస్తున్న తుప్పును గోకకండి.

పాత పారదర్శక పొర సెల్యులాయిడ్. దూదిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి కర్పూరం కలిపి చేసే పదార్థం అది. బొటనవేలితో కాసేపు రుద్ది వాసన చూడండి, కర్పూరం తెలుస్తుంది. బాగున్న సెల్యులాయిడ్‌కి అదే గుర్తు. ఘాటుగా, ముక్కు మండేలా ఆమ్లం వాసన వస్తే అది చెడిపోతోందని అర్థం. అలాంటిది పక్కవాటిని కూడా తినేస్తుంది, తక్షణం వేరే పెట్టెలోకి మార్చాలి. నిప్పుకి చాలా తొందరగా అంటుకుంటుంది కూడా. గదిలో దీపం గానీ అగరొత్తి గానీ వెలిగించకండి. ఇప్పటి బ్యాడ్జీల మీద పాలిస్టర్ పొర వేస్తున్నారు, వాటితో ఈ బెడద లేదు.

ఆ బిస్కట్ల డబ్బాలోంచి అన్నిటినీ తీసెయ్యండి, మూత బిగిస్తే ఆవిరి బయటికి పోదు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, పి.వి.సి. నుంచి ఆమ్లం వస్తుంది. పాత వార్తాపత్రికలూ వద్దు, అవీ ఆమ్లమే. ఆమ్లం లేని కాయితం దొరక్కపోతే గంజి లేకుండా బాగా ఉతికి ఆరేసిన తెల్ల నూలుగుడ్డ పరవండి. ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. బరంపురం నుంచి గోపాలపురం సముద్రం 15 కిలోమీటర్లే కదా, ఆ ఉప్పుగాలికి ఇనుము ఆగదు. రేకు రకం పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వెయ్యండి. సెల్యులాయిడ్ రకానికి మాత్రం గాలి ఆడే అట్టపెట్టె ఉండాలి. వాటిని నెలకోసారి తీసి వాసన చూస్తుండాలి.

అంకెలు బ్యాడ్జీ మీద రాయకండి. చిన్న చీటీ మీద రాసి నూలుదారంతో పిన్నుకి కట్టండి. ముందు ఏడాది, తరవాత ఆ ఏడాదిలో ఎన్నో దానమో ఆ అంకె, ఆ తరవాత వస్తువు అంకె. మ్యూజియాల్లో అలాగే వేస్తారు.

పాతనాణెం (ఇచ్ఛాపురం)
శనివారం, రాత్రి 10:58

తప్పేముందమ్మా, తెలిసినవాళ్ళు చెప్పాలి. నా దగ్గర చింతపండుతో తోమినవి చాలా ఉన్నాయి. ఇప్పుడు బాధగానే ఉంది. ఇక తోమను.

పంతులు (పర్లాకిమిడి)
ఆదివారం, ఉదయం 6:30

అమ్మా సంపంగీ, ఏ కాలానివో పోల్చే పని నాకు వదిలెయ్యండి, ఇది నాకు ఇష్టమైన పని.

మన దేశంలో చదువురాని ఓటరు కోసం 1951-52 తొలి ఎన్నికల నుంచే గుర్తులు వచ్చాయి. ఆ గుర్తులే మీ పంచాంగం. కాడెద్దుల జోడీ కాంగ్రెసుది, 1969 చీలిక దాకా ఉంది. కనక ఆ తొమ్మిదీ అంతకు ముందువి. ఆవూదూడ ఇందిరాగాంధీ వర్గానిది, 1971 ఎన్నికల్లో దేశమంతా తిరిగింది, 1977 దాకా ఉంది. 1978లో చెయ్యి గుర్తు వచ్చింది. నక్షత్రం స్వతంత్ర పార్టీది. 1959లో పుట్టిన ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా గారు. 1967లో ఒరిస్సాలో ప్రభుత్వం ఏర్పడితే ముఖ్యమంత్రి అయిన ఆర్.ఎన్. సింగ్‌దేవ్ గారిది కూడా స్వతంత్ర పార్టీయే. కనక మీ నాలుగు నక్షత్రాలూ ఆ రోజులవి కావచ్చు. గుడిసె ఉంటే ప్రజా సోషలిస్టు, దీపం ఉంటే జనసంఘ్. చక్రంలో నాగలి మోస్తున్న రైతు ఉంటే 1977 జనతా. సైకిలుంటే తెలుగుదేశం, 1982 తరవాత. శంఖం ఉంటే బిజూ జనతాదళ్, 1997 తరవాత.

గుర్తు లేనిచోట ఊళ్ళ పేర్లు చూడండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. బిళ్ళ మీద 'గజపతి జిల్లా' అని ఉంటే అంతకు ముందుది కాదు. ఇంగ్లీషులో 'ఒరిస్సా' అని ఉంటే 2011కు ముందుదని చాలావరకు నమ్మొచ్చు, ఆ ఏడే పేరు 'ఒడిశా' అయింది.

అయితే ఒక జాగ్రత్త. గుర్తు చెప్పేది అచ్చయిన కాలం మాత్రమే. ఎప్పుడు పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో అది చెప్పదు. మా తాతగారు కాడెద్దుల బిళ్ళ ఒకటి ఎన్నికలు అయిపోయాక కూడా చాలాకాలం కోటుకి పెట్టుకు తిరిగారు. ఆయన ఓటు వేసింది వేరే పార్టీకి. బిళ్ళ ఇచ్చింది ఆయన శిష్యుడు, ఆ పిల్లవాడి మీద ప్రేమతో పెట్టుకున్నారు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.

బిళ్ళ అన్న మాటే చూడండి. బిళ్ళబంట్రోతు అంటాం కదా, ఇత్తడి బిళ్ళ వేసుకున్న సర్కారు నౌకరు. మనవాళ్ళకి ముందు తెలిసింది అధికారం తగిలించిన బిళ్ళ. 'నేను ఫలానావారి మనిషిని' అని అది చెప్పేది. తనంతట తాను గుచ్చుకున్న బిళ్ళ 'నేను ఫలానా మాట మీద నిలబడ్డాను' అని చెబుతుంది. చూపులకి రెండూ ఒకటే. చీటీ రాసేటప్పుడు ఈ తేడా మరిచిపోవద్దు.

గుణుపురం అబ్బాయి (న్యూజెర్సీ)
ఆదివారం, ఉదయం 8:15

నమస్కారం పంతులు గారూ. నేనుండే చోటికి న్యూవార్క్ దగ్గరే, పాతనాణెం గారు చెప్పిన ఆ కంపెనీ ఊరు. రోజూ అటే వెళ్తాను, ఈ సంగతి ఇవాళే తెలిసింది.

పోయిన వేసవిలో అమ్మానాన్నలతో వాషింగ్టన్‌లో అమెరికా చరిత్ర మ్యూజియానికి వెళ్ళాం. స్మిత్‌సోనియన్ వాళ్ళది, టిక్కెట్టు ఉండదు. ఎన్నికల బిళ్ళలు గోడ నిండా ఉన్నాయి. అందరికంటే ముందుది నిజానికి పిన్ను బిళ్ళ కాదు, కోటుకి కుట్టుకునే ఇత్తడి గుండీ. 1789లో వాషింగ్టన్ తొలి అధ్యక్షుడైనప్పుడు అలాంటివి కుట్టుకున్నారు. 1860లో లింకన్ ఎన్నికలకి పల్చటి ఇనుపరేకు మీద తీసిన ఫొటోలతో పతకాలు వచ్చాయి. ఒకవైపు ఆయన, మరోవైపు ఉపాధ్యక్ష అభ్యర్థి.

అమ్మ ఎక్కువసేపు నిలబడింది మాత్రం 1963 ఆగస్టు 28 వాషింగ్టన్ ఊరేగింపు బిళ్ళ గురించి నేను చెబుతున్నప్పుడు. నల్ల చెయ్యీ తెల్ల చెయ్యీ కలిసిన బొమ్మ, కింద ఉద్యోగాలు, స్వేచ్ఛ అన్న మాటలు. దాన్ని పాతిక సెంట్లకు అమ్మి ఆ డబ్బు ఊరేగింపు ఖర్చులకి వాడారు. "పెట్టుకున్నవాళ్ళే కొనుక్కున్నారా?" అని అడిగింది అమ్మ. అవునన్నాను. "అలాగైతే అది చందా రసీదు కూడా కదరా" అంది.

నకిలీల గురించి కూడా చెప్పాలి. 1972లో అక్కడ పెట్రోలు బంకుల వాళ్ళు ప్రచారం కోసం పాత ఎన్నికల బిళ్ళల నకళ్ళు లక్షలుగా పంచారు. 1896 నాటి బొమ్మే, కానీ అచ్చు నేరుగా రేకు మీద! 1896లో ఆ పద్ధతి లేదు. మోసం పెరిగి 1973లో చట్టం చేశారు, నకలు మీద తయారైన ఏడాది ముద్రించి తీరాలని. మీ ఇంగ్లీషు బిళ్ళల అంచు మడత మీద, వెనక వైపున, సన్నటి అక్షరాలు ఉంటాయేమో భూతద్దంతో చూడండి.

సంపంగి (బరంపురం)
ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఒక్క రాత్రిలో ఎంత చెప్పారు! అందరికీ దణ్ణాలు. నూలుగుడ్డ ఉతికి ఆరేశాను. కర్పూరం వాసన నిజంగానే వచ్చింది, పదకొండింటికి. ఒక్కదానికి ఘాటు వాసన ఉంది, దాన్ని విడిగా పెట్టాను.

శాంతి గుర్తు బిళ్ళల సంగతి ఎవరికైనా తెలుసా? అవి బరంపురం ఎలా వచ్చాయో ఆ కుటుంబానికీ తెలియదు.

జాజిపూలు (జయపురం)
ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఆ గుర్తు 1958లో జెరాల్డ్ హోల్టమ్ అనే బ్రిటిష్ చిత్రకారుడు గీశారు. లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్ అణ్వాయుధ కేంద్రానికి నడిచిన ఊరేగింపు కోసం. జెండాలతో సంకేతాలిచ్చే పద్ధతిలో 'అణు' 'నిరాయుధీకరణ' అన్న రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అందులో కలిసి ఉన్నాయి. తొలి బిళ్ళలు రేకువి కావు, కాల్చిన మట్టివి. అణుబాంబు పడితే మిగిలే కొద్ది వస్తువుల్లో ఇదొకటి అని చెప్పి ఇచ్చేవారు. హోల్టమ్ ఆ గుర్తు మీద హక్కులు పెట్టుకోలేదు, అందుకే ప్రపంచమంతా పాకింది. మీవి రేకువే కనక తరవాతివి.

వస్తువు విలువ దానిలోని లోహంలో ఉండదని చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణలు ఇంకో రెండున్నాయి. 1940లో జర్మనీ ఆక్రమించాక నార్వేలో విద్యార్థులు, టీచర్లు కోటుకి మామూలు పేపరు క్లిప్పు పెట్టుకున్నారు, కలిసి ఉన్నామని చెప్పడానికి. 1981లో పోలండులో సైనిక పాలన వస్తే జనం రేడియోలో ఉండే రెసిస్టరు ముక్కను చొక్కాకి గుచ్చుకున్నారు. నిరోధకం అన్న ఆ మాటలోనే ప్రతిఘటన ఉంది. ఈ రెంటి మీదా అచ్చు లేదు, తేదీ లేదు.

రాయగడ రైలు
ఆదివారం, రాత్రి 9:47

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయను. నల్లగుడ్డల సంగతి చూసి రాస్తున్నాను.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది, ఇరవై రోజులు సాగింది. 17 లక్షల మంది దిగారంటారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సమ్మెకి ముందు చాలారోజులు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని పనికి వెళ్ళారు. పని ఆపకుండా, ఒక్క మాటా అనకుండా, గుండె మీద నల్లగుడ్డ పెట్టుకుని రోజంతా పట్టాల మీద ఉండేవారు. సాయంత్రం ఇంటికొచ్చి ముందు దాన్ని తీసి దేవుడి గూట్లో పెట్టి అప్పుడు కాళ్ళు కడుక్కునేవారు.

ఆ గుడ్డ ఎక్కడిదంటే, మా పాత గొడుగుది. అమ్మ కత్తిరించింది. మా లైన్లో ఎనిమిది ఇళ్ళకి ఆ ఒక్క గొడుగే సరిపోయింది. పిన్నీసు అమ్మ పుస్తెలతాడుకి ఉండేది. మన ఆడవాళ్ళు అక్కడే గుచ్చుకుంటారు కదా, ఎవరికి ఎప్పుడు కావాలన్నా తీసి ఇవ్వడానికి. అది తీసి నాన్న చొక్కాకి పెట్టింది. ఆ నెలంతా అమ్మ మెడలో పిన్నీసు లేదు.

ఏ గుడ్డ ముక్కయినా ఒకటే అన్నారు పాతనాణెం గారు. కోపంతో చెప్పడం లేదు బాబూ. మాకు మాత్రం ఒకటి కాదు.

పంతులు (పర్లాకిమిడి)
సోమవారం, ఉదయం 6:10

నాయనా, చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఒక్క సంగతి చేరుస్తాను. ఆ 1974 మే నెలలో రాష్ట్రపతి వి.వి. గిరి గారు. 1894లో బరంపురంలో పుట్టిన మన మనిషి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపి, సమ్మెలు చేయించి పైకొచ్చిన నాయకుడు. మీ ఊరి మీదుగా వెళ్ళే పట్టాలే ఆ రైల్వేవి. అటువంటాయన రాష్ట్రపతి భవనంలో ఉండగా ఇటు పట్టాల మీద నల్లబ్యాడ్జీలు. బరంపురంలో ఈ పెట్టె తెరిచినవాళ్ళు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

మన దేశంలో నిరసన బ్యాడ్జీ అంటే నిజానికి నల్లబ్యాడ్జీయే. టీచర్లు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, అందరూ పెట్టుకున్నారు. నేనూ పెట్టుకుని పాఠం చెప్పాను. రంగురంగుల బిళ్ళకి అచ్చాఫీసు కావాలి, డబ్బు కావాలి. నల్లబ్యాడ్జీకి ఇంట్లో ఒక పాత గుడ్డ ఉంటే చాలు. అందుకే అది అందరికీ అందింది. అందుకే ఒక్కటీ మిగల్లేదు, సాయంత్రం తీసి పారేస్తారు కనక. ఆరు మిగిలాయంటే ఎవరో కావాలని దాచారన్నమాట. పొట్లం కట్టిన ఆ కాయితం కూడా పారెయ్యకు తల్లీ. దాని మీద తేదీ ఉందేమో చూడు.

పాతనాణెం (ఇచ్ఛాపురం)
సోమవారం, ఉదయం 7:25

రాయగడ తమ్ముడూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను వస్తువును ముందువైపు చూసి వెల కడుతూ వచ్చాను.

1966లో విశాఖపట్నంలో చదువుకుంటున్నాను. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం. కాయితం ముక్క మీద ఆ మాట సిరాతో రాసి గుండుసూదితో జేబుకి గుచ్చుకున్నాం. చెమటకి సిరా కారి చొక్కా నీలం అయిపోయింది. నలభై ఏళ్ళుగా పోగు చేస్తూ, నా గుండె మీద నేను పెట్టుకున్నది మాత్రం దాచలేదు. ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు.

సంపంగి (బరంపురం)
సోమవారం, రాత్రి 8:50

పొట్లం కాయితం ఒడియా దినపత్రిక. తేదీ ఉన్న మూల చిరిగిపోయింది. కానీ రైల్వే సమ్మె వార్త ఉంది, మే నెల అని చదవడానికి వస్తోంది.

ఇవాళ ఆ కుటుంబం వాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. పెద్దావిడకి 86 ఏళ్ళు. నల్లగుడ్డలు చూపిస్తే చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటీ ఎవరిదో చెప్పడం మొదలుపెట్టారు. నాలుగింటికి మనిషిని చెప్పారు. రెండు గుర్తు రాలేదు. ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను, ఫోనులో మాట కూడా పట్టాను, ఆవిడని అడిగే.

మావో బిళ్ళ గురించి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు. శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం రోజులవి కదా. నేను రెట్టించలేదు.

పంతులు (పర్లాకిమిడి)
సోమవారం, రాత్రి 9:15

రెట్టించకపోవడమే మంచిది. రెండు చీటీలు రాసుకో తల్లీ. ఒకటి అద్దం కింద పెట్టేది, అందరూ చదివేది. రెండోది బీరువాలో దాచేది, పేర్లన్నీ ఉండేది. ఇంటివాళ్ళు ఒప్పుకున్న పేర్లే బయటి చీటీ మీదికి రావాలి. చీటీ తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి, గ్రంథాలయానికి వచ్చే పిల్లల్లో ఒడియా మాత్రమే చదివేవాళ్ళు ఎక్కువ.

సంపంగి (బరంపురం)
మంగళవారం, రాత్రి 10:05

మొదటి చీటీ రాశాను. కమిటీ పెద్దాయన చదివి, మారు మాట్లాడకుండా అద్దాల బల్ల తాళం నా చేతికిచ్చారు. బల్ల మధ్యలో ఆరు నల్లగుడ్డలూ, చుట్టూ బిళ్ళలూ పెడుతున్నాను. తప్పులుంటే దిద్దండి:

"నల్లబ్యాడ్జీ. నూలుగుడ్డ, ఇనుప పిన్నీసు. 1974 మే, రైల్వే సమ్మె. పెట్టుకున్నది బరంపురం స్టేషనులో పాయింట్స్‌మన్. గుడ్డ ఆయన భార్య పాత జాకెట్టుది. పని అయ్యాక రోజూ ఇంటికి తెచ్చి మర్నాడు మళ్ళీ పెట్టుకునేవారు. భార్య దాచింది. ఆమె చెప్పగా రాసినది."

ఒక్క అనుమానం. పిన్నీసు తుప్పు గుడ్డలోకి దిగుతోంది. తీసేసి విడిగా పెట్టనా?

జాజిపూలు (జయపురం)
మంగళవారం, రాత్రి 10:20

పుస్తకం ప్రకారం అయితే తీసెయ్యాలి, తుప్పు గుడ్డని తింటుంది. కానీ మొదటిసారి గుచ్చిన బొక్కలో అది అలాగే ఉందక్కా, ఆవిడ గుచ్చినట్టే. ముందూ వెనకా ఫొటోలు తియ్యండి. గుడ్డకీ పిన్నీసుకీ మధ్య పాలిస్టర్ పొర ముక్క సన్నగా దూర్చండి, సిలికా జెల్ మార్చుతూ ఉండండి. నేను వచ్చే నెల బరంపురం వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. అందాకా తియ్యకండి.

రాయగడ రైలు
మంగళవారం, రాత్రి 11:02

అమ్మని అడిగాను. గొడుగు ఊచలు అటక మీద ఇంకా ఉన్నాయట. గుడ్డ లేదు, ఊచలే. తీసుకుంటారా?

సంపంగి (బరంపురం)
మంగళవారం, రాత్రి 11:04

తీసుకుంటాం అన్నయ్యా. అమ్మగారు చెప్పేది రాసుకోవడానికి నేనే వస్తాను. ఈ ఆదివారం ఇంట్లో ఉంటారా?